క్వారీ రాతికి సున్నం కొట్టిన రోజు

రిటైరైన మనిషి చేతికి మైకు ఇవ్వకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉంది. పెళ్ళిళ్ళలోనూ సన్మాన సభల్లోనూ మా ఆవిడ నా పక్కనే కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. చూసేవాళ్ళు అన్యోన్య దాంపత్యం అనుకుంటారు. అందుకే ఈ సంగతి చెప్పకుండా రాస్తున్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రకారు చదివితే నాకు సంతోషం. నేను అటవీ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. అంత సర్వీసులోనూ నా చేతిలోంచి మైకు కింద పెట్టించినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను నా పై అధికారి కాడు, ఒక చిన్న గుళ్ళో పూజారి. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కుర్చీలో కూర్చోబుద్ధి కాదు, లేచి వరండాలో నాలుగడుగులు వేస్తాను.

మాది ఏలూరు. ఉద్యోగంలో ఎక్కువ భాగం కొల్లేటిలో గడిచింది. పడవలో కూర్చుని గూడబాతుల్ని కనిపెట్టుకుని ఉండటం నా పని. కొల్లేట్లో ఎటు చూసినా బల్లపరుపే, ఎత్తంటే చెరువు గట్టే. అలాంటి నన్ను సర్వీసు చివర్లో నల్లజర్ల వైపు మెట్టలోకి బదిలీ చేసి, ఒక పాత రాతి క్వారీ అప్పగించారు. ఇంట్లో అటక ఎక్కి ఆవకాయ జాడీ దింపమంటేనే కాళ్ళు వణికే మనిషిని. ఆర్డరు చదివి మా ఆవిడ నవ్విన నవ్వు పక్కింటికి వినబడింది.

ఆ క్వారీలో ఒకప్పుడు రాయి కొట్టేవారు. తర్వాత ఎవరికీ అక్కర్లేక వదిలేశారు. గొయ్యి అడుగున వాన నీళ్ళు నిలిచాయి, నీళ్ళ చుట్టూ తుమ్మలూ వేపలూ సీతాఫలం చెట్లూ లేచాయి, వాటికింద నెమళ్ళు చేరాయి. మూడు పక్కలా నిలువుగా రాతి గోడలు. పడమటి గోడ మీది అరుగుల్లో కొమ్ముల గుడ్లగూబల జంట ఒకటి కాపురం పెట్టింది. మూరెడు పొడవు పక్షులు, నారింజ రంగు కళ్ళు. వాటి పుణ్యమా అని ఆ చోటు మా శాఖ రక్షణలోకి వచ్చింది.

పక్షులు వచ్చినట్టే కుర్రాళ్ళూ వచ్చారు. ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ బైకులేసుకుని వచ్చి, ఫోనులో చూసి నేర్చుకున్న విద్యతో ఉత్త చేతులతో రాయి ఎక్కేవారు. ఒకడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కంచె వేసి గేటుకు తాళం పెట్టెయ్యమని పైనుంచి మాట వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి. తాళం అనే మాట వినేసరికి చిర్రెత్తుకొచ్చింది. తాళం పెడితే కుర్రాళ్ళు కంచె దూకి వస్తారు, అప్పుడు పక్షులకీ ప్రమాదమే వాళ్ళకీ ప్రమాదమే అని వాదించాను. తాళ్ళు కట్టి, హెల్మెట్లు పెట్టి, సక్రమంగా నేర్పించి తూర్పు గోడ మాత్రం ఎక్కనిద్దాం అన్నాను. వాదించి వాదించి చివరికి ఒక్క ఏడాది గడువు సంపాదించాను. ఏడాది చివర్లో పెద్ద అధికారి ఒకావిడ స్వయంగా వచ్చి, ఎక్కడం చూసి, ఉంచాలో మూసెయ్యాలో తేలుస్తారు. అదీ ఒప్పందం.

నేర్పడానికి బయటి నుంచి ఒక శిక్షకుణ్ణి రప్పించాం. అతను కొన్నాళ్ళుండి నేర్పించి వెళ్ళిపోయాడు. నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు మాత్రం నిజంగా పనికొచ్చారు. ఈ కథంతా ఆ ఇద్దరిదే.

ఒకరు కొల్లేటికోట అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ బడికెళ్ళే కూతురున్న ఇల్లాలు. చేపల చెరువుల్లో పడవ మీద నిలబడి గెడలకు మేత సంచులు కట్టడం, వలలు లాగడం ఆవిడ పని. నల్లజర్లలో ఉన్న అక్క ఇంటికి వచ్చి, మా తాళ్ళూ హడావిడీ చూసి గేటు దగ్గర నిలబడిపోయింది.

"ఏవండీ సార్, నేనూ ఎక్కొచ్చాండీ?" అంది.

చీర కుచ్చెళ్ళు బిగించి, చెప్పులు విప్పేసి ఎక్కింది. ఊగే పడవ మీద నిలబడ్డ కాళ్ళకి కదలని రాయి ఏ లెక్క! నేను కింద నిలబడి నోరు తెరుచుకుని చూశాను. ఆ వారమే మా ఆవిడ చేత ట్రాక్ ప్యాంట్లు కొనిపించి ఇచ్చాను.

రెండోవారు పూజారి గారు. పక్క ఊళ్ళో గుడి. పొద్దున పూజ అయ్యాక తలుపులు వేసి, సాయంత్రం తీసేదాకా ఆయనకు తీరిక. సన్నగా, రివటలా ఉండే మనిషి. పంచె మడిచి సంచిలో పెట్టి, పిలక ముడి హెల్మెట్లో ఇమిడేలా సర్దుకుని వచ్చేవాడు. ఎక్కడం కన్నా కింద నిలబడి తాడు పట్టడంలో ఆయన దిట్ట. ఎక్కేవాళ్ళ నడుముకు కట్టిన తాడు పైన కొక్కెంలోంచి వచ్చి కిందివాడి చేతిలో ఉంటుంది. పైవాడి ప్రాణం కిందివాడి గుప్పిట్లో ఉంటుందన్నమాట. పూజారి గారి చూపు ఒకసారి తాడు మీద పడితే ఇక పక్కన పులి నడిచినా తిరగదు.

ఆయనతో ఉన్న ఇబ్బంది ఒక్కటే. మర్యాద.

గోదావరి నీళ్ళు తాగినవాళ్ళం, మర్యాద మాకందరికీ ఉంది. కానీ పూజారి గారిది మరీ వెన్నలో ముంచి తీసిన మర్యాద. చిన్నపిల్లల్ని కూడా 'తమరు' అనేవాడు. శిక్షకుడు ఇంగ్లీషులో చిన్న చిన్న కేకలు నేర్పాడు. తాడు బిగించాలంటే 'టేక్', వదులు చెయ్యాలంటే 'స్లాక్' అనాలి. అతను బస్సెక్కిన మర్నాడే మావాళ్ళు 'టేక్ అండీ', 'కొద్దిగా స్లాక్ అండీ' మొదలుపెట్టారు. 'ఏవండీ, తమకి శ్రమ కాకపోతే టేక్ అండీ' అని ఒకాయన పైనుంచి అడగడం నా చెవులతో విన్నాను.

నవ్వుకుంటూ ఊరుకున్నాం. ఒకనాడు తాడేపల్లిగూడెం బ్యాంకులో పనిచేసే ఒకాయన ఎక్కుతున్నాడు. పూజారి గారు కింద తాడు పట్టుకున్నాడు. బ్యాంకాయన ఎడమకాలు ఒక వదులు రాయి మీద పెట్టాడు. పూజారి గారు చూడనే చూశాడు.

"ఏవండీ! ఏమీ అనుకోరంటే ఒక్క మాటండీ. తమరి ఎడంపాదం కిందున్న రాయి, నా కంటికి మాత్రం, అంత మంచిదిగా..."

రాయి ఊడిపోయింది. బ్యాంకాయన గంటలా ఊగి మోకాలు రాతికి కొట్టుకున్నాడు. తాడు గట్టిగానే ఉంది కాబట్టి చర్మం లేచిపోవడంతో సరిపోయింది. కిందికి దిగి, రక్తం తుడుచుకుంటూ కూడా, "అబ్బే, తమ తప్పేం లేదండీ" అన్నాడు. "లేదండీ, నాదేనండీ" అన్నాడు పూజారి గారు. ఇద్దరూ అలా తప్పు కోసం బతిమాలుకుంటుంటే నా ఒళ్ళు మండిపోయింది.

"రేపట్నుంచి ఈ రాయి దగ్గర అండీ అన్నవాడు తాళ్ళ మూట మోసుకుంటూ క్వారీ పైదాకా వెళ్ళి రావాలి. నడుముకు తాడుంటే అందరూ నువ్వే. నేనైనా నువ్వే!" అని అరిచాను.

"అలాగేనండీ" అన్నాడు పూజారి గారు. మొదటి మూట ఆయనే మోశాడు. ఆ వారమంతా ఆయనే మోశాడు. నేను తాడు కట్టుకునే ప్రశ్నే లేదు కాబట్టి నన్ను ఎవరూ నువ్వు అనే అవసరం రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ చెప్పేది. నిజమే, కానీ ఊరు వేరు, నిలువు రాయి వేరు.

దారి చూపించింది కొల్లేటికోట అమ్మాయి. ఒక పూట పూజారి గారు మూట దించి రొప్పుతుంటే చూడలేక అంది: "సార్ అండీ, అసలు మాటెందుకండీ? మా కాడ పొగమంచులో వల లాగేటప్పుడు ఆ చివరన ఎవరున్నారో కూడా కనపడదండీ. అరిస్తే చేప బెదురుద్ది. తాడే లాగి చెప్పుకుంటామండీ."

చెప్పి చూపించింది. ఒకసారి లాగితే వదులు చెయ్యి. రెండుసార్లు లాగితే బిగించు. మూడుసార్లు లాగితే దించెయ్, కారణం అడగకు. అందినట్టు కిందివాడు తిరిగి ఒక్కసారి లాగుతాడు. ఇందులో నువ్వూ లేదు, మీరూ లేదు, తమరూ లేదు. పూజారి గారి మొహం వెలిగిపోయింది. పది రోజుల్లో తూర్పు గోడ దగ్గర గాలీ పక్షులూ తప్ప వేరే చప్పుడు లేకుండా పోయింది. నెమళ్ళు మా తాళ్ళ సంచుల పక్కన తిరగసాగాయి. నా సర్వీసులో నేను చూసిన అందమైన పని అదే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. పైన ఒకరు, కింద ఒకరు, మధ్య తాడు. నేను ఊరికే చూస్తూ మైమరచిపోయేవాణ్ణి.

రాతి మీద ఎక్కే దారులకు మావాళ్ళు పేర్లు కూడా పెట్టుకున్నారు. మెట్లు మెట్లుగా ఉండేదానికి 'నిచ్చెన'. దాని ఎడంపక్కన పైదాకా పాకిన సన్నటి పగులుకు 'బొమ్మిడాయి'. వానాకాలమంతా నీరు కారి, ఆ చేపలాగే చేతికి దొరకకుండా జారేది. అందుకని వానలు మొదలైనప్పటి నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఏడాది తిరిగింది. పెద్ద అధికారి వచ్చే రోజు ఖాయమైంది. అనుమతి వస్తే కొల్లేటికోట అమ్మాయిని అక్కడే గైడ్‌గా పెట్టుకోవడానికి మాట తీసుకున్నాను. రాకపోతే ఆవిడకి మళ్ళీ చెరువు గట్టే. కూతుర్ని నల్లజర్ల బళ్ళో చేర్పించేసింది, అద్దెకు ఒక గది కూడా చూసుకుంది. "మీ నోటి చలవండీ" అనేది నన్ను చూసి. ఆ మాటకు నాకు నిద్ర పట్టేది కాదు.

అధికారి ముందు ఆవిడ నిచ్చెన ఎక్కాలి, పూజారి గారు తాడు పట్టాలి. షామియానా వేయించాను. మైకు పెట్టించాను. మైకు నాకే కావాలని వేరే చెప్పక్కర్లేదు కదా. ఎక్కుతున్నంతసేపూ వివరంగా వ్యాఖ్యానం చెప్పాలని అద్దం ముందు నిలబడి సాధన చేశాను.

తెల్లవారింది. నేను జీపు దిగి క్వారీలోకి నడిచి, తూర్పు గోడ కేసి చూసి, అక్కడే కూలబడ్డాను.

నిచ్చెనకు సున్నం కొట్టి ఉంది!

మా వాచర్ ఒక పెద్దాయన. సర్కారు పద్ధతి ఎముకల్లోకి ఇంకిన మనిషి. పెద్ద దొర వస్తున్నారంటే దారి పక్క రాళ్ళకు సున్నం కొట్టడం ఆయనకు వ్రతం. ముందురోజు సాయంత్రం మేమంతా వెళ్ళాక, వెదురు నిచ్చెన వేసుకుని, అందినంత ఎత్తు మా రాతి నిచ్చెనను తెల్లగా పూసేశాడు. అక్కడితో ఆగలేదు. మేం కాలు పెట్టే ప్రతి మెట్టుకీ జాజు తెచ్చి ఎర్రటి పట్టీలు దిద్దాడు. గుడి గోడలా ధగధగలాడుతోంది.

"ఏం చేశావయ్యా ఇది?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఆయ్, బాగొచ్చిందాండీ?" అన్నాడు ఆయన మొహమంతా నవ్వుతో. "దొరసాని గారు వస్తుంటే రాయి నల్లగా ఉంటే ఏం బాగుంటాదండీ? కాలు ఎక్కడ పెట్టాలో అమ్మాయికి కూడా తెలుత్తాదని జాజు రాసేనండీ."

వేలు పెట్టి చూశాను. మంచు పడి సున్నం ఇంకా ఆరలేదు. కొల్లేటికోట అమ్మాయి కాలు పెట్టి చూసింది, జర్రున జారింది. కడగడానికి వ్యవధి లేదు, గేటు దగ్గర కార్లు వచ్చేస్తున్నాయి.

"బొమ్మిడాయి ఎక్కుతానండీ. ఇప్పుడు ఎండిపోయే ఉందండీ" అంది ఆవిడ.

పూజారి గారు అప్పటికే వెనకదారిన క్వారీ పైకి పరుగెత్తుతున్నాడు. తాడు నిచ్చెన మీది కొక్కెంలోంచి తీసి బొమ్మిడాయి మీది కొక్కేనికి మార్చి, పిలక ఊడి, చెమటలు కక్కుతూ దిగి వచ్చాడు. అధికారి షామియానాలో కూర్చునేసరికి ఇద్దరూ తాడు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ అధికారి ఎర్ర పట్టీల రాతిని కాసేపు చూసి, "ఇక్కడ గుడి కూడా ఉందా?" అని అడిగింది. నేను మాట తప్పించి మైకు అందుకున్నాను.

కొల్లేటికోట అమ్మాయి రాతి మీద చెయ్యి వేసింది. చూస్తుండగానే మనిషి ఎత్తు దాటింది. పగుల్లో వేళ్ళు దూర్చి, పాదం అడ్డంగా తిప్పి, ఒక్కో జానా పైకి జరుగుతోంది. షామియానాలో ఉన్నవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. ఏలూరు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ఊపిరి బిగపట్టారు. నేను నేర్చుకున్న వ్యాఖ్యానం అంతా మరచిపోయి, "చూడండి, చూడండి" అని మాత్రం మైకులో అంటున్నాను. సగం దాటింది. పైన ఒక అరుగు ఉంది, అరుగు అంచున గుబురుగా రెల్లు. అది దాటితే ఇక నాలుగు పట్లు, అంతే. ఆవిడ అరుగు అంచు మీద చెయ్యి వేసి తల పైకెత్తింది.

ఆగిపోయింది.

కదలదు. చెయ్యి వెనక్కి తియ్యదు, కాలు పైకి పెట్టదు. ఒక క్షణం, ఇంకొక క్షణం. అప్పుడు మెల్లగా ఒక చేత్తో తాడు పట్టుకుంది. తాడు కదలడం నేను చూశాను. ఒకటి, రెండు, మూడు.

"భయపడినట్టుంది పాపం" అన్నారు షామియానాలో ఎవరో. అధికారి పక్కనున్న ఆయనతో ఏదో చెబుతోంది. ఏడాది శ్రమ, ఆవిడ అద్దె గది, బళ్ళో వేసిన కూతురు, అన్నీ ఆ అరుగు అంచున వేలాడుతున్నాయి. ఇంకా నాలుగు పట్లే! దిగితే గేటుకు తాళమే. మైకు నోటికి ఆనించుకుని, "ఎక్కమ్మా! ఆగకు, ఎక్కెయ్!" అని నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి అరవడానికి ఊపిరి తీసుకున్నాను.

"నోరు ముయ్యి!"

పక్కనుంచి వచ్చింది ఆ మాట. పెద్దగా అరవలేదు, పళ్ళ మధ్యనుంచి వదిలాడు. కళ్ళు తాడు మీంచి తిప్పలేదు. పూజారి గారు.

"మైకు కింద పెట్టు" అన్నాడు.

జీవితంలో కుక్కపిల్లని కూడా 'తమరు' అన్న మనిషి. నేను మైకు కింద పెట్టేశాను. పెట్టానని నాకు తెలిసింది కూడా తర్వాతే. ఆయన తాడు ఒక్కసారి తిరిగి లాగి, అందిందని చెప్పి, దించడం మొదలుపెట్టాడు. ఎందుకని అడగలేదు. పైకి కేక వెయ్యలేదు. దేవుడి ముందు దీపం దించినంత మెల్లగా ఆవిణ్ణి నేల మీదికి దించాడు.

ఆవిడ కాళ్ళు నేలకు ఆనగానే ముడి కూడా విప్పుకోకుండా పెదాల మీద వేలు పెట్టుకుంది. రెండు చేతులతో మమ్మల్నందర్నీ వెనక్కి తోసుకుంటూ, అధికారిని కూడా కలిపే సుమా, షామియానా అవతల తుమ్మచెట్ల దాకా నడిపించింది. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

"రెల్లు వెనకాల గుడ్లగూబ ఉందండీ. నా చెయ్యికీ దానికీ మధ్య మూరెడండీ. రెక్కలు విప్పి నాకేసి బుస కొట్టిందండీ. దాని కింద తెల్లగా నూగుతో పిల్లలండీ, పక్కన ఇంకా పగలని గుడ్డు కూడా ఉందండీ."

పడమటి గోడ మీదుంటుందని ఏడాది పొడుగునా మేం కాపలా కాసిన తల్లి, ఎప్పుడు కాపురం మార్చిందో గానీ, మా నెత్తి మీదే పిల్లల్ని లేపుతోంది. వానల నుంచీ బొమ్మిడాయిని ఎవరూ ముట్టుకోకపోవడం దానికి బాగా నచ్చినట్టుంది. వాచర్ సున్నం కొట్టకపోయి ఉంటే పక్క దారిన ఎక్కి దిగేసేవాళ్ళం, మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అధికారి నా బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అమ్మాయి వైపు తిరిగింది.

"అది లేచిపోలేదు కదా. నువ్వు పక్కనుంచి ఎక్కేసి ఉండొచ్చుగా?"

"ఇంకో చెయ్యి వేత్తే లేచిపోయేదండీ. పైన కాకులు కాచుకుని ఉన్నాయి చూడండీ. అది లేచిందంటే పిల్లలు దక్కవండీ."

"ఇవాళ ఎక్కకపోతే నీ ఉద్యోగం సంగతి నీకు తెలుసా?"

నేను మధ్యలోకి వెళ్ళబోయాను. పూజారి గారి చూపు నా మీద ఉంది. ఆగిపోయాను.

"తెలుసండీ" అంది ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాయెక్కడికి పోద్దండీ, వచ్చే ఏడు కూడా ఎక్కొచ్చు. పిల్లలు ఆగవు కదండీ."

అధికారి బైనాక్యులర్స్ ఎత్తి గూడు కేసి ఇంకోసారి చూసింది. తర్వాత నా కేసి తిరిగి, "మిమ్మల్ని నోరు ముయ్యమన్నది ఎవరు?" అంది. నా మైకులోంచి షామియానా దాకా వినబడిందన్నమాట! పూజారి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ జోడించి ముందుకు వచ్చాడు.

"నేనేనండీ. మహాపరాధమండీ. తమరు క్షమించాలండీ. వయసులో పెద్దవారిని..."

"మీ చేతిలో తాడు ఉన్నప్పుడు అన్నారు కదా?"

"మరేనండీ."

"అయితే క్షమించడానికి ఏముంది?" అంది ఆవిడ. అప్పుడు అక్కడే, అందరూ వినేలా చెప్పింది: "గేటుకు తాళం అక్కర్లేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఈ తూర్పు గోడ జోలికి ఎవరూ రావద్దు. ఉత్తరం గోడ మీద ఎక్కండి. ఈ అమ్మాయిని ఇక్కడే ఉంచండి. ఇంకొక మాట. ఆ మైకు వెనక్కి పంపించెయ్యండి."

కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టబోయి, గూడు గుర్తొచ్చి, చేతులు గాల్లో ఆపి ఊపారు. అంత పెద్ద సంబరం అంత నిశ్శబ్దంగా జరగడం నేను మళ్ళీ చూడలేదు. కొల్లేటికోట అమ్మాయి కొంగు లేదు కాబట్టి హెల్మెట్ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాచర్ నా చెవి దగ్గరకు వచ్చి, "సున్నం దొరసాని గారికి నచ్చిందాండీ?" అని అడిగాడు. నేను ఆయన్ని కౌగిలించుకున్నాను. నా చొక్కాకి జాజు అంటింది, ఆ మరక చాకలికి కూడా వదల్లేదు.

ఎండలు ముదిరే వేళకు గుడ్లగూబ పిల్లలు ఎగిరాయి. మరుసటి ఏడాదికి తూర్పు గోడా తెరిచాం, ఎక్కే కాలమూ పక్షుల కాలమూ చూసుకుని విడదీశాం. ఇవాళ మీరు ఆ గేటు దగ్గరకు వెళితే హెల్మెట్ చేతికిచ్చి, నోటి మీద వేలు పెట్టి లోపలికి తీసుకెళ్ళేది ఆవిడే.

నేను రిటైరైన రోజు ఏలూరులో చిన్న సభ పెట్టారు. పూజారి గారు వచ్చాడు. గుడి నుంచి పులిహోర తెచ్చి, శాలువా కప్పి, 'తమరు' లేని వాక్యం లేకుండా నన్ను ఆకాశానికి ఎత్తాడు. నాకు విసుగొచ్చింది, ఏడుపూ వచ్చింది. సభ అయ్యాక పక్కకు తీసుకెళ్ళి అడిగాను.

"అయ్యా, ఆ రోజు అన్నమాట ఇంకొక్కసారి అనండి. ఈ పొగడ్తలన్నిటికన్నా అదే నాకు ఇష్టం."

ఆయన బెదిరిపోయాడు. "అమ్మమ్మా! చేతిలో తాడు లేకుండా ఆ మాట నా నోట ఎలా వస్తుందండీ?" అన్నాడు.

రాత్రంతా ఆలోచించాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి క్వారీకి వెళ్ళాను. కొల్లేటికోట అమ్మాయి నా పొట్ట చుట్టూ పట్టీ బిగించడానికి పడ్డ పాట్లు నేను రాయను. హెల్మెట్ పెట్టింది, ముడి రెండుసార్లు చూసింది. అప్పటికి పూజ ముగించుకుని వచ్చిన పూజారి గారు తాడు రెండో కొస అందుకున్నాడు.

నిచ్చెన మీద ఇంకా అక్కడక్కడా సున్నం ఉంది. వాచర్ దిద్దిన ఎర్ర పట్టీలు వెలిసి కనబడుతున్నాయి. వాటి మీదే కాళ్ళు పెట్టుకుంటూ మనిషి ఎత్తు ఎక్కాను. అక్కడ ఒకసారి కిందికి చూశాను. కాళ్ళు కుట్టుమిషన్‌లా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తాడు లాగుదామంటే రాయి మీంచి చెయ్యి రాలేదు. ఏళ్ళ తరబడి అందర్నీ ఎక్కించినవాణ్ణి, అక్కడ బల్లిలా అతుక్కుని, "ఏవండీ... ఏవండీ..." అంటున్నాను.

"ఏయ్!" అని వినబడింది కింది నుంచి. "కిందికి చూడకు. కుడికాలు తియ్యి. ఎర్రపట్టీ మీద పెట్టు. ఎక్కు!"

ఎక్కాను.